ఖాళీగా వదిలిన వారాలు



మొన్న వి.బి.ఎస్. ముగిసిన సాయంత్రం చాపలు చుట్టి, మందిరం ఊడ్చి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద మన సంఘపు బిడ్డ ఒకమ్మాయి కూర్చుని ఉంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేస్తే అందులో ఒకటి ఈ బిడ్డకు దొరికింది. మీరందరూ ఆమె కోసం ప్రార్థించిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఏడాది మధ్యలో చేరింది కాబట్టి మొదటిసారి వేరేవాళ్లు వేసిన ప్రణాళిక మీదే బండి నడిచింది. తన చేత్తో మొదలుపెట్టబోయేది ఈ జూన్‌లోనే. సంచిలోంచి పొడుగు నోటుబుక్కు తీసి, "అమ్మగారూ, మీ వార్షిక ప్రణాళిక ఒకసారి ఇస్తారా, చూసి రాసుకుంటాను" అంది.

ఇస్తామమ్మా అన్నాం గానీ వెంటనే ఇవ్వలేదు. టీ పెట్టి కూర్చోబెట్టాం. మా ప్రణాళిక పుస్తకంలో కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. చూసి రాసుకునేవాళ్లు ఆ గడులను మా మతిమరుపు అనుకుంటారు. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో చెప్పాలంటే ఒక గంట పడుతుంది. ఆ గంటసేపు చెప్పిందే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాం. మీలో టీచర్లు కొద్దిమందే. బడికి పోయే బిడ్డలున్న ఇళ్లు మాత్రం చాలా ఉన్నాయి.

ఎప్పుడూ 'మేము' అని రాస్తుంటాం కదా, ఈసారి ఆ మాట నిజంగానే ఇద్దరిది. మాలో ఒకరు ఆదివారం ప్రసంగం చేస్తారు. ఇంకొకరు సోమవారం నుంచి శనివారం దాకా ఒకే గది, ఒకే టీచరు ఉన్న చిన్న బడిలో ఉంటారు. ప్రణాళికలు వేసేది మాత్రం ఇద్దరం ఒకే బల్ల దగ్గర, మే నెల రాత్రుల్లో, కరెంటు ఉన్నంతసేపు. ఒక పక్క యాభై రెండు ఆదివారాల వాక్యాలు, ఇంకో పక్క బడి యూనిట్లు. ఒకరి తప్పు ఇంకొకరికి అంటుకోవడానికి ఆ బల్ల చాలు. అంటుకుంది కూడా.

ముందు ఆ పని ఎలాంటిదో చెబుతాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఆ మూడింటితో పాటు పరిసరాల విజ్ఞానం. ఐదు తరగతులూ ఒకరి చేతిలోనే ఉంటే పద్దెనిమిది ప్రణాళికలు. ఒక్కోదానిలో నెల, యూనిట్ పేరు, పీరియడ్లు, ఆ పాఠం అయ్యేసరికి బిడ్డకు ఏం రావాలి, దానికి కావలసిన సామగ్రి ఏమిటి అని గడులు. 2009 విద్యా హక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. టీచరుకు వారానికి 45 గంటల పని పెట్టి, పాఠానికి సిద్ధపడే సమయాన్ని కూడా అందులోనే కలిపింది. ఐదు తరగతులు ఒక గదిలో ఉంటే ఆ 800 గంటలను ఐదుతో భాగించండి. ఒక్కో తరగతికి మన ముఖం చూపించగలిగేది 160 గంటలు. మిగతా సమయమంతా ఆ తరగతి పిల్లలు తమంతట తాము ఏదో ఒకటి చేసుకోవాలి. ఏం చేసుకోవాలో మనం చెప్పకపోతే ఏం చేస్తారో తల్లులకు చెప్పనక్కర్లేదు.

ఆ 200 రోజులైనా మన వైపు ఎలా కరిగిపోతాయో చూడండి. బడి జూన్ 12 దరిదాపుల్లో తెరుస్తారు. అప్పటికి తోటల్లో మామిడి కోత ఇంకా జరుగుతూ ఉంటుంది, కూలికి పోయే ఇళ్ల పెద్దపిల్లలు చిన్నవాళ్లను చూసుకుంటూ ఇంట్లో ఆగిపోతారు. శెనక్కాయలు పెరికే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. నైరుతి వానలను చూసి లెక్కవేసిన క్యాలెండరుకు, నవంబరులో ఈశాన్య వానలు మన మీద పడతాయన్న సంగతి అంతగా పట్టదు. 2021 నవంబరు మీలో ఎవరూ మరిచిపోలేదు. తిరుపతి వీధుల్లో నీళ్లు పారిన రోజులవి, ఇక్కడ చెరువులూ వంకలూ పొంగి దారులు మూసుకుపోయాయి. దసరా, సంక్రాంతి, పరీక్షల వారాలు తీసేయండి. మార్చి సగం నుంచి ఒంటిపూట బడి. ఇంత జరిగినా ప్రణాళికలో అన్ని గడులూ నిండి ఉంటాయి. నిండి ఉండాలి, లేకపోతే అడుగుతారు. మేమూ నింపాం. ఏడాది చివర ప్రతి యూనిట్ పక్కనా టిక్కు పెట్టాం. ఒక ఏడు మా పుస్తకం చూసిన అధికారి ఎర్ర ఇంకుతో 'బాగున్నది' అని రాశారు. ఇంటికి తెచ్చి ఇద్దరం చూసుకున్నాం.

ఆ 'బాగున్నది' వచ్చిన ఏడాదే ఒక పిల్లవాడు మూడో తరగతి. మన సండే స్కూలుకూ వచ్చేవాడు. పేరు రాయం, మీలో కొందరికి తెలుసు, తెలిసినవాళ్లు కూడా వాడి దగ్గర ఈ మాట ఎత్తవద్దని మనవి. అమ్మానాన్నలు ఇటుక బట్టీలకు పోతారు. వాడు అవ్వ దగ్గర ఉంటాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించేస్తాడు. 2023 క్రిస్మస్ కార్యక్రమంలో 23వ కీర్తన మొత్తం తడబడకుండా చెప్పాడు. మందిరం అంతా చప్పట్లు కొట్టింది. స్టీలు టిఫిన్ బాక్సు బహుమానం ఇచ్చాం.

2024 మేలో వి.బి.ఎస్. రెండో రోజు చార్టు మీద కొత్త కంఠత వాక్యం రాసి గోడకు తగిలించాం. ముందు బాగా చదివే బిడ్డతో చదివిస్తే తక్కినవాళ్లకు ధైర్యం వస్తుందని వాడిని లేపాం. వాడు చార్టు ముందు నిలబడి, కర్రతో అక్షరాల కింద గీస్తూ, గట్టిగా, 23వ కీర్తన చెప్పాడు.

పిల్లలు నవ్వారు. వాడు ఆట పట్టిస్తున్నాడనుకొని మేమూ నవ్వాం. ఇది రాయడానికి ఇప్పటికీ చేయి రావడం లేదు. వాడు కర్ర కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు. మరునాడు రాలేదు, ఆ మరునాడూ రాలేదు.

మూడో రోజు ఇంటికి పోయాం. అవ్వ విత్తనానికి శెనక్కాయలు వొలుస్తూ ఉంది. వాడు మమ్మల్ని చూసి వెనక దొడ్లోకి పోయాడు. మేము మెల్లగా సంగతి ఎత్తితే అవ్వ చేతిలో కాయలు చేట్లో వేసి, "మీరే గదయ్యా చప్పట్లు కొట్టి డబ్బా ఇచ్చింది? బాగా చదవతాండాడనే గదా ఇచ్చినారు? ఇప్పుడు చదవరాదంటే ఎట్లా?" అంది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. వాళ్ల నాయన ఫోన్ చేశాడట, చదువు అబ్బకపోతే బట్టీ కాడికి తెచ్చేస్తానని. దొడ్లోంచే పిల్లవాడు అన్నాడు, "నేను బడికి రాను మేడమ్, నాయనతో పోతా." తొమ్మిదేళ్లు వాడికి.

ఆ రాత్రి ఇద్దరం పాత హాజరు పట్టికలు, పాత ప్రణాళికలు ముందేసుకొని కూర్చున్నాం. వాడు ఒకటో తరగతిలో చేరింది 2021లో. కరోనా వల్ల ఆ ఏడు బడులు తెరిచిందే ఆగస్టు 16న. అక్షరాలు అయ్యేసరికి నవంబరు. ప్రణాళికలో నవంబరు గడిలో 'గుణింతాలు' అని ఉంది. ఆ నవంబరులో వానలు. సంక్రాంతి కాగానే తల్లిదండ్రులతో బట్టీకి పోయాడు, తిరిగి వచ్చేసరికి వేసవి సెలవులు. మా పుస్తకంలో గుణింతాల పక్కన టిక్కు ఉంది. అది మా చేత్తో పెట్టిందే. రెండో తరగతి ప్రణాళిక గుణింతాలు వచ్చేసినట్టు ఎంచి వత్తులతో మొదలైంది, మూడోది వత్తులు వచ్చినట్టు ఎంచి కథలతో. ప్రణాళిక ఏటేటా ఒక మెట్టు ఎక్కుతూ పోయింది. వాడు కింది మెట్టు మీదే నిలబడి, పైనుంచి వినబడేదాన్ని కంఠతా పట్టాడు. ఒకే గదిలో ఐదు తరగతులు గొంతెత్తి చదువుతుంటే చెవి చురుకైన బిడ్డకు అది కష్టం కాదు. బోర్డు మీది బొమ్మను దించినట్టే అక్షరాలను దించాడు. మూడేళ్లు మేము దాన్ని చదువు అనుకున్నాం. ఆదివారాలు అదే దాన్ని భక్తి అనుకున్నాం.

3వ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డ అర్థం చేసుకుంటూ చదవాలని, 2026–27 కల్లా అది జరగాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది. ఆ పోస్టరు మా బడి గోడ మీద, వాడు కూర్చునే చోటుకు సరిగ్గా పైన ఉండేది.

ఏం చేయాలో తోచక కొన్నాళ్లు తిరిగాం. దారి చూపింది మన పాత చిత్తూరు జిల్లాలోదే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పేరు మీరు వినే ఉంటారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి పేరుతో నడిచే పెద్ద బడి అది. దాని పక్క పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ పద్మనాభరావు, రామ దంపతులు ఒక పద్ధతి తయారుచేశారు. రిషివ్యాలీవాళ్ల తోవ వేరు, మన విశ్వాసం వేరు కదా అని ఎవరైనా అడగవచ్చు. పసిపిల్లల మధ్య ఏళ్ల తరబడి కూర్చొని నేర్చుకున్నవారి దగ్గర నేర్చుకోవడానికి మేము సిగ్గుపడలేదు.

ఆ పద్ధతిలో పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీస్తారు. ప్రతి మెట్టుకు ఒక కార్డు. కార్డు మీద ఒక గుర్తు, ఆ గుర్తును బట్టి అది టీచరు దగ్గర కూర్చొని చేసేదో, తోటి పిల్లలతో చేసేదో, ఒంటరిగా చేసేదో బిడ్డకే తెలుస్తుంది. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో ప్రతి బిడ్డ చూసుకుంటాడు, తన కార్డు తానే తీసుకుంటాడు. మూడో తరగతి అంటే అందరూ ఒకే పేజీలో ఉండాలన్న లెక్క అక్కడ లేదు. గొర్రెలు మేపడానికో, కోతలకో పోయి నెల తరువాత వచ్చిన బిడ్డ ఎక్కడ ఆపాడో అక్కడే మొదలుపెడతాడు. వాడి కోసం ఎవరూ ఆగరు, వాడిని వదిలి ఎవరూ పోరు. ఆ కార్డుల పెట్టెనే బడి అన్నారు. పక్క తమిళనాడు దీన్ని చూసి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తరువాత రాష్ట్రమంతా తీసుకుపోయింది. మన జిల్లాలో పుట్టినదాన్ని మేము మాత్రం ఇంత ఆలస్యంగా పట్టించుకున్నాం.

ఇది చదివిన వారం మాలో ఒకరు ప్రసంగానికి ఆదికాండము 33వ అధ్యాయం తీశారు. ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చి, కలిసి పోదాం పద అంటాడు. యాకోబు ఒప్పుకోడు. తన వెంట పసివాళ్లున్నారు, పాలిచ్చే గొర్రెలూ పశువులూ ఉన్నాయి, ఒక్క రోజు తొందరపెట్టి తోలినా మంద నిలవదు, వాళ్లెంత నడవగలిగితే అంతే నడిచి వెనక వస్తానంటాడు. యాకోబు ఆ తరువాత ఏశావు ఊరికి పోనేలేదన్నది వేరే సంగతి. ఆ మాటలో కొంత తప్పించుకోవడం ఉంది, ఆయన స్వభావం మనకు తెలిసిందే. అయినా ఆ మాట గొర్రెలు కాసినవాడి నోట్లోంచి తప్ప రాదు. ఆ ఆదివారం అది సంఘానికి చెప్పామో మాకు మేము చెప్పుకున్నామో తెలియదు.

రిషివ్యాలీలో చేసిందంతా మేము చేయలేం. మాకు ప్రభుత్వ పుస్తకాలున్నాయి, పరీక్షలున్నాయి, తేదీలున్నాయి. చేయగలిగిందల్లా ప్రణాళికను కొంచెం విప్పి మళ్లీ కుట్టుకోవడమే. 2024 జూన్‌లో మొదటి మూడు వారాల గడులను ఖాళీగా వదిలేశాం. ఆ మూడు వారాలు పాఠం లేదు. ఒక్కొక్క బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చదివించడమే పని. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి దేశమంతా అసర్ అనే సర్వే చేస్తోంది. వాళ్లు వాడే కాగితం చాలా చిన్నది. కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ. బిడ్డ ఎక్కడ ఆగితే అదే వాడి మెట్టు. ఈ పరీక్ష మీరూ ఇంట్లో చేయవచ్చు. ఒక్కటే జాగ్రత్త, బిడ్డ ఎప్పుడూ చూడని కాగితం ఇవ్వండి. పాత పుస్తకం ఇస్తే మా వాడు చేసినట్టే చేస్తారు.

పందొమ్మిది మందిని చూశాం. ఐదో తరగతి పిల్లలు ముగ్గురు పదాల దగ్గర ఆగిపోయారు. రెండో తరగతి పాప ఒకతె కథ చదివేసి, ఇంకొకటి ఉందా అని అడిగింది. ఒకే తరగతి అనుకున్న పిల్లల మధ్య మూడేళ్ల దూరం ఉంది. ఆ లెక్కతో యూనిట్లు తిరగరాశాం. ప్రతి రెండు యూనిట్ల తరువాత ఒక వారం మళ్లీ ఖాళీ, వెనకబడ్డవాళ్లు అందుకోవడానికి. రాకుండా పోయినవాళ్ల ఇంటికి పోవడానికి కూడా ఆ వారమే. ఒకసారి తనిఖీకి వచ్చినవారు ఈ ఖాళీ ఏమిటని అడిగారు. ఏ బిడ్డ ఎక్కడ ఉన్నాడో రాసుకున్న కాగితం చూపించాం. కొంచెంసేపు చూసి ఏమీ అనకుండా సంతకం పెట్టారు. ఈసారి ఎర్ర ఇంకు మాట లేదు.

కార్డుల సంగతి మీకు చెప్పాలి. ఆ ఏడు మిమ్మల్ని పాత పెళ్లి పత్రికలు తెచ్చి మందిరంలో అట్టపెట్టెలో వేయమన్నాం, గుర్తుందా? ఎందుకో చాలామందికి చెప్పలేదు. వాటి వెనక తెల్లగా ఉన్న వైపే మా కార్డులు. యువజన సహవాసం పిల్లలు శనివారం సాయంత్రాలు కూర్చొని రాశారు. మొదటి మెట్టులో గుణింతం అక్కరలేని మాటలు మాత్రమే: పలక, కడవ, గడప, మడక. మడక అనగానే పిల్లలకు దుక్కి దున్నే తాత గుర్తొస్తాడు. ఇక్కడ మాకు ఇంకో తప్పు దొరికింది. పుస్తకంలో బొమ్మ చూపించి ఇదేంటి అంటే ఒకటో తరగతి పాప "ఉర్లగడ్డ" అంది. కింద ఉన్నది 'బంగాళాదుంప'. అది చదవలేక కాదు ఆ పాప తప్పింది. అలాగే ఎర్రగడ్డ, తెల్లగడ్డ, టెంకాయ, ఎనుము. బిడ్డ ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను తప్పంటే, నోరు మూసుకొని అందరితో కలిసి పాట పాడడం నేర్చుకుంటుంది. అందుకే కార్డుకు ఒక వైపు ఇంటి మాట, తరువాతి మెట్టులో పుస్తకం మాట పెట్టాం. ముందు ఇంటి మాట చదివిన బిడ్డకు రెండోది వారంలో వస్తుంది.

1980లలో, 90లలో బ్రిటిష్ సాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడిచినప్పుడు ఆరు సూత్రాలని టీచర్లందరికీ నేర్పారు. చుట్టూ ఉన్న పరిసరాలను పాఠానికి వాడుకోవడం వాటిలో ఒకటి. పాత మాస్టార్లకు అవి ఇప్పటికీ నోటికి వచ్చు. మా పరిసరాల విజ్ఞానం యూనిట్లలోకి అలా పుత్తూరు కట్టు వచ్చింది, రైలు గేటు వచ్చింది. ఎస్వీ పురం టోల్‌గేటు వైపు పోయే లారీల నంబర్లు వచ్చాయి. పాత ఏపీ 03 మన చిత్తూరుది, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది, టీఎన్ అంటే తమిళనాడు, కేఏ అంటే కర్ణాటక. ఇంగ్లీషు అక్షరాలు పుస్తకం కంటే లారీల మీదే తొందరగా వచ్చాయి.

ఇక ఆ పిల్లవాడు. వాడిని బడికి తిరిగి తీసుకురావడానికి అవ్వ ఇంటికి ఆరుసార్లు పోయాం. ఐదోసారి మాలో బడికి పోయేవారు వాడి ముందు కూర్చొని ఒక్క మాట అన్నారు, "నీకు చదవడం రాకపోవడం నీ తప్పు కాదు, మేము నేర్పలేదు, నేర్పామని రాసుకున్నాం." పెద్దవాళ్లు అలా అంటారని వాడికి తెలియదు కాబోలు, అవ్వ వైపు చూశాడు. ఆరోసారి పోయేసరికి సంచి సర్దుకొని ఉన్నాడు.

నాలుగో తరగతి బిడ్డను రెండో తరగతి పాప పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తే వాడు మళ్లీ పారిపోతాడు. అందుకని వాడికి ఉద్యోగం ఇచ్చాం. చేతిరాత మంచిది కదా, కొత్త కార్డులు వాడే రాయాలి. రాసిన కార్డును ఒకటో తరగతి పిల్లలకు వాడే చూపించాలి. చూపించాలంటే ముందు తాను చదువుకోవాలి. అది వాడు మాకు కనబడకుండా గోడ వైపు తిరిగి చేసేవాడు, మేమూ చూడనట్టు ఉండేవాళ్లం. లెక్కల్లో మాత్రం వాడు మాకే పాఠం చెప్పాడు. బట్టీలో కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని కడతారు. వేలు, పదివేలు వాడికి నోటి లెక్క. నాలుగో తరగతి పెద్ద సంఖ్యల యూనిట్‌కు మేము అనుకున్న పన్నెండు పీరియడ్లు ఐదుకే అయిపోయాయి.

అక్టోబరుకు గుణింతాలు దాటాడు. డిసెంబరులో వత్తులు మొదలుపెట్టాడు. జనవరిలో సంక్రాంతి కాగానే నాయన వచ్చాడు. ఈసారి ఎంత చెప్పినా వినలేదు. తల్లికి ఒంట్లో బాగాలేదట, వంటకు మనిషి కావాలట. వలస పోయే ఇళ్ల బిడ్డల కోసం సమగ్ర శిక్షలో సీజనల్ హాస్టళ్లున్నాయని చెప్పాం, అవ్వ దగ్గరే ఉంచమన్నాం. ఆయన వినయంగానే విన్నాడు, తీసుకుపోయాడు. ఆ రాత్రి మేము ప్రార్థన చేశామనడం కంటే ఫిర్యాదు చేశామనడమే నిజం. పోయే ముందు మాత్రం వత్తుల మెట్టు నుంచి ముప్పై కార్డులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి వాడి సంచిలో పెట్టాం. ప్రణాళికలో జనవరి గడిలో వాడి పేరు, మెట్టు నంబరు రాసి, పక్కన టిక్కు పెట్టకుండా వదిలాం.

2025 ఏప్రిల్‌లో, బడి మూయడానికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్న భోజనం వేళకు గేటు దగ్గర నిలబడ్డాడు. నల్లగా మాడి, ఒక జానెడు ఎదిగి. కవరు చేతికిచ్చాడు. "రెండు తడిసి పోయినాయి మేడమ్. ఒకటి చెల్లెలు చించేసింది. తక్కినవి చదివేసినా." నమ్మడానికి లేదు కదా, ఒకసారి మోసపోయాం. కొత్త కార్డు, ఎవరూ చూడనిది, తీసి ఇచ్చాం. 'ముగ్గురు అన్నదమ్ములు' అన్నచోట కొంచెం ఆగాడు. ఆగి, వేలితో వత్తు కింద నొక్కి, చదివాడు.

ఇప్పుడు ఐదో తరగతి అయిపోయింది. జూన్‌లో హైస్కూలుకు పోతాడు. ఇంగ్లీషు ఇంకా కుంటుతూనే ఉంది. పెద్ద బడిలో వాడి మెట్టు ఎవరు చూస్తారో అన్న దిగులు మాకుంది. మందిరంలో కంఠత వాక్యానికి బహుమానం ఇవ్వడం మానలేదు గానీ, ఇప్పుడు చెప్పిన తరువాత ఇంకో వచనం తెరిచి చదవమంటున్నాం. చదవలేని బిడ్డను నలుగురి ముందు లేపడం లేదు. మన పెద్దల్లో కొందరికి కూడా చదవడం రాదని, వాళ్లు కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నప్పుడు మేము చూసీ చూడనట్టు ఊరుకున్నామని, అప్పుడే గుర్తొచ్చింది. మంగళవారం సాయంత్రం ఏడు గంటలకు మందిరంలో పెద్దల చదువు ఉంది. నలుగురు వస్తున్నారు. ఎవరో అడగవద్దు.

ఇదంతా విని మన టీచరమ్మ చల్లారిన టీ తాగి, పొడుగు నోటుబుక్కు తెరిచి, మా ప్రణాళిక చూసి రాసుకోవడం మొదలుపెట్టింది. జూన్ గడుల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి, "ఇక్కడ ఏమీ రాయకపోతే ఏమన్నా అంటారేమో అమ్మగారూ" అంది. అనవచ్చు తల్లీ అన్నాం. కొంచెంసేపు ఆలోచించి ఆ మూడు గడులూ వదిలేసి జూలైకి పోయింది.

మరునాడు రాత్రి ఫోన్ చేసింది. "అమ్మగారూ, మా బడిలో ఇరవై ఒక్క మంది పేర్లు రాసుకున్నాను. నలుగురి ఇళ్లు ఎక్కడో నాకు తెలీదు. రేపు పోయి చూసొస్తా." ఎండలు బాగా ఉన్నాయమ్మా, పదకొండు లోపల తిరిగొచ్చేయి, గొడుగు మరిచిపోవద్దు అని చెప్పాం.